పావగడ నీళ్లకు కాఫీ ఫిల్టర్: ఏది కొనాలి, ఎలా వాడాలి

రాత్రి పొడి వేసి, వేడినీళ్లు పోసి పడుకుంటాం. తెల్లారి లేచి మూత తీస్తే పైగిన్నెలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉంటాయి. కిందిగిన్నెలో రెండు చెంచాల డికాక్షన్ కూడా దిగి ఉండదు. పాలు పొయ్యి మీద పొంగుతుంటాయి, పెద్దాయన వరండాలో కూర్చుని ఇంకా కాఫీ రాలేదేమని అడుగుతుంటాడు. ఫిల్టర్ పాతబడిపోయిందని దాన్ని అటకెక్కించి కొత్తది తెస్తాం. ఏడాది తిరక్కుండానే అదీ అంతే. మన తాలూకాలో ఈ కథ జరగని ఇల్లు తక్కువ. చాలాసార్లు తప్పు ఫిల్టర్‌ది కాదు, నీళ్లది.

కాఫీ విషయంలో మనకు పొడి కరువు లేదు. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకలోనే పండుతుంది. చిక్కమగళూరు, కొడగు పొడి బెంగళూరు నుంచి వచ్చే ఎవరి సంచిలోనైనా ఉంటుంది. హిందూపురం వెళ్లినా, తుమకూరు వెళ్లినా గింజలు వేయించి ఎదురుగా పొడి చేసి ఇచ్చే అంగళ్లు ఉన్నాయి. కరువంతా నీళ్లకే. వానలు తక్కువ, బోర్లు లోతు, ఆ నీళ్లలో సున్నం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ, వాటితోపాటు ఫ్లోరైడు. అందుకే కాఫీ ఫిల్టర్ గురించి మాట్లాడాలంటే మన ఊళ్లో ముందు బిందె దగ్గర మొదలుపెట్టాలి.

ఏ నీళ్లు పోస్తున్నారు?

కాఫీ ఫిల్టర్ పొడిని వడకడుతుంది, అంతే. నీళ్లలో కరిగి ఉన్నదాన్ని అది ఆపలేదు. ఈ మాట చెప్పనక్కర్లేదు అనిపించవచ్చు. కానీ "మరగకాచి ఫిల్టర్‌లో పోస్తున్నాం కదా, ఇంకేం భయం" అనే మాట పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. మరగకాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు మాత్రం పోదు, పైగా నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీళ్లను లీటరు పెట్టి ముప్పావు లీటరయ్యేదాకా మరిగిస్తే, మిగిలిన నీళ్లలో అది లీటరుకు 2.7 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాములోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

క్యాండిల్ ఉన్న స్టీలు వాటర్ ఫిల్టర్ కూడా ఫ్లోరైడును ఆపదు. యూవీ దీపం ఉన్న మిషను కూడా అంతే. ఆర్‌ఓ ఆపుతుంది. యాక్టివేటెడ్ అల్యూమినా నింపిన ఫిల్టర్ ఆపుతుంది, అయితే దాన్ని కొన్నాళ్లకోసారి శుద్ధి చేయాలి, లేకపోతే పనిచేయడం మానేస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే నల్గొండ పద్ధతి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అయితే ఎంత పటిక వేయాలన్నది నీళ్లను పరీక్షించాకే తేలుతుంది. ఇంట్లో అందాజాగా వేసే వ్యవహారం కాదు.

మరి కాఫీ వల్ల ఒంట్లోకి చేరే ఫ్లోరైడు ఎంత? లెక్క వేసి చూస్తే భయపడాల్సినంత లేదు. ముగ్గురికి డికాక్షన్ తీయడానికి సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. అవి 2 మిల్లీగ్రాముల నీళ్లే అయినా మొత్తం 0.4 మిల్లీగ్రాములు, మనిషికి 0.13. అదే మనిషి రోజంతా ఆ నీళ్లే 3 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు. అన్నం, పప్పు, చారు, ముద్ద వండిన నీళ్లు దీనికి అదనం. కాబట్టి ఘటకం నుంచి తెచ్చిన క్యాను నీళ్లు కాఫీకి పోసి, వంటకు బోరు నీళ్లు వాడే అలవాటు ఉంటే అది తలకిందులు లెక్క. శుద్ధినీళ్లు ముందు తాగడానికి, తర్వాత వంటకు, ఆ తర్వాత కాఫీకి. ముఖ్యంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఈ వరస తప్పకూడదు. శాశ్వత దంతాలు చిగుళ్ల కింద తయారయ్యే వయసు అది. అప్పుడు పడిన మచ్చ తర్వాత తోముకుంటే పోదు.

ఇక్కడే ఒక పక్కమాట. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడును ఆకుల్లో దాచుకుంటుంది, టీ మరిగించినప్పుడు అందులో కొంత నీళ్లలోకి దిగుతుంది. కాఫీ గింజలో అది చాలా తక్కువ. రోజుకు ఆరేడు టీలు తాగే మోకాళ్ల నొప్పుల మనిషి మీ ఇంట్లో ఉంటే, అందులో కొన్నిటిని కాఫీకి మార్చడం తెలివైన పనే.

మీ కొళాయిలో వచ్చేది ఏ నీళ్లో తెలుసుకోవడం కష్టం కాదు. జల జీవన్ మిషన్ కింద గ్రామాల్లో పరీక్ష కిట్లు ఇచ్చారు, గ్రామ పంచాయతీలో అడగండి. తుంగభద్ర నీళ్లు వచ్చే కొళాయి వేరు, పాత బోరుకు కలిపిన కొళాయి వేరు. ఒకే ఊళ్లో రెండు వీధుల్లో రెండు రకాల నీళ్లు ఉండవచ్చు.

ఇత్తడా, స్టీలా?

అమ్మమ్మల కాలం నాటి ఇత్తడి ఫిల్టర్ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. వేడి నిలుపుతుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది, దాంట్లో దిగిన డికాక్షన్‌కు రుచి ఎక్కువని నమ్మేవాళ్లతో వాదించి లాభం లేదు. కానీ ఒక షరతు: లోపల కళాయి చెక్కు చెదరకుండా ఉండాలి. కాఫీకి కాస్త పులుపు గుణం ఉంది. కళాయి పోయిన ఇత్తడిలో అది రాత్రంతా నిలిస్తే రాగి దిగుతుంది, చిలుము పడుతుంది. లోపల పసుపు రంగు కనిపించిందంటే కళాయి అరిగిందని అర్థం. కళాయి వేసేవాళ్లు వీధుల్లోకి రావడం దాదాపు ఆగిపోయింది. మీకు అలాంటి మనిషి అందుబాటులో లేకపోతే ఆ ఫిల్టర్‌ను షోకేసులో పెట్టుకుని, రోజువారీకి స్టీలు వాడటమే మేలు.

స్టీలు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడటం మనవాళ్ల అలవాటు. అయస్కాంతానికి అంటుకుంటే అది తుప్పు పట్టే అవకాశం ఉన్న రకం, వద్దనుకోవచ్చు. అంటుకోకపోతే మంచిదేనని మాత్రం చెప్పలేం. చవక రకం 202 స్టీలు కూడా అంటుకోదు. 304 లేదా 18/8 అని ముద్ర ఉన్నది అడగండి. ఉప్పదనం ఉన్న నీళ్లలో రోజూ నానే వస్తువు కాబట్టి ఈ తేడా రెండు మూడేళ్లలో బయటపడుతుంది.

స్టీలు రకం కంటే చిల్లులు ముఖ్యం. పైగిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టుకుని లోపలి నుంచి చూడండి. చిల్లులన్నీ ఒకే సైజులో, అంచుల దాకా సమంగా పరుచుకుని ఉండాలి. కొన్ని పెద్దవి, కొన్ని మూసుకున్నవి ఉంటే వద్దు. పెద్ద చిల్లు ఉన్న చోట నీళ్లు దారి చేసుకుని దిగిపోతాయి, మిగతా పొడి సరిగా నానదు. వేలితో లోపలి అడుగు తడిమి చూడండి. గరుకుగా తగిలితే చిల్లులు కొట్టినప్పటి అంచులు తీయలేదని అర్థం, అక్కడే పొడి ఇరుక్కుంటుంది.

తర్వాత, రెండు గిన్నెల పొందిక. పైది కిందిదాంట్లో వదులుగా ఊగకూడదు. అలాగని బిగుసుకుపోనూ కూడదు. ఇది చాలామంది గమనించని విషయం. డికాక్షన్ కిందికి దిగాలంటే కిందిగిన్నెలోని గాలి బయటికి పోవాలి. మరీ బిగుతుగా కూర్చుంటే గాలికి దారి ఉండదు, పది చుక్కలు దిగి ఆగిపోతుంది. ఫిల్టర్ మూసుకుపోయిందని అనుకుంటాం. పైగిన్నెను కొంచెం ఎత్తి మళ్లీ పెట్టి చూడండి, చుక్కలు మళ్లీ మొదలైతే సమస్య గాలిదే.

సైజు దగ్గర పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందనే లెక్క ఇక్కడ పనిచేయదు. పెద్ద ఫిల్టర్‌లో ఇద్దరికి సరిపడా పొడి వేస్తే అది పలచటి పొరలా పరుచుకుంటుంది, నీళ్లు ఆగకుండా జారిపోతాయి, డికాక్షన్ నీళ్లనీళ్లగా ఉంటుంది. వేసిన పొడి పైగిన్నెలో పావు నుంచి మూడో వంతు ఎత్తు వరకు రావాలి. ఇంట్లో రోజూ తాగేవాళ్లకు ఒక చిన్నది, పండగలకూ చుట్టాలకూ ఒక పెద్దది ఉంచుకోవడమే సుఖం.

పొడి వేయడం, నీళ్లు పోయడం

ముగ్గురికి 20 నుంచి 25 గ్రాముల పొడి, అంటే శిఖరంగా మూడు పెద్ద చెంచాలు. ఫిల్టర్ పూర్తిగా ఆరి ఉండాలి. తడి ఉంటే పొడి చిల్లులకు అంటుకుంటుంది. పొడి వేశాక పక్కన తట్టి సమం చేయండి. కాడ ఉన్న చిల్లుల బిళ్లను దాని మీద పెట్టి, దాని బరువుకు కాస్త ఎక్కువగా మాత్రమే అదమండి. గట్టిగా అదిమితే చిక్కగా వస్తుందన్నది ఒక హద్దు వరకే నిజం. ఆ హద్దు దాటితే అసలు దిగదు. ఆ బిళ్ల అసలు పని అదమడం కాదు. పోసిన నీళ్లు ఒకే చోట గుంట చేయకుండా పొడి మొత్తం మీద పరచడం.

నీళ్లు మరిగాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగండి. మొదట నాలుగు చెంచాల నీళ్లు మాత్రం పోసి, పొడి ఉబ్బేదాకా ఒక నిమిషం చూడండి. తర్వాత మిగతావి మెల్లగా, చుట్టూ తిప్పుతూ పోసి మూత పెట్టండి. పావుగంట నుంచి అరగంటలో దిగాలి. ఐదు నిమిషాల్లో దిగిపోతే పొడి ముతకగా ఉంది, లేదా తక్కువైంది. గంట దాటినా దిగకపోతే పొడి మరీ మెత్తగా ఉంది, చికోరీ ఎక్కువైంది, లేదా చిల్లులు మూసుకున్నాయి.

చికోరీ నీళ్లు తగలగానే మెత్తబడి జిగురుగా అవుతుంది. అందుకే అది కలిపిన పొడి నెమ్మదిగా దిగుతుంది, డికాక్షన్ నల్లగా, చిక్కగా కనిపిస్తుంది. చిక్కదనం చూసి అది కాఫీ బలం అనుకోవద్దు. చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత శాతమో ప్యాకెట్ మీద రాసి ఉండాలి. చాలామందికి 80:20 బాగుంటుంది. చికోరీ లేని పొడి వాడేవాళ్లు ఒక చెంచా ఎక్కువ వేసుకోవాలి. అంగట్లో పొడి చేయించేటప్పుడు "ఫిల్టర్‌కు" అని చెప్పండి. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి, పొడి చేశాక వాసన ఎక్కువ కాలం నిలవదు.

నీళ్ల రుచి గురించి ఒక మాట. బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు కాఫీలోని పులుపును చంపేస్తాయి. ఎంత మంచి పొడి తెచ్చినా కాఫీ చప్పగా, మట్టిలా అనిపించడానికి కారణం అదే. బెంగళూరులో తాగినప్పుడు బాగున్న పొడి ఇంటికి తెచ్చాక బాగోలేదని అంగడివాణ్ని తిట్టుకునేవాళ్లు ఇది గమనించాలి. ఆర్‌ఓ నీళ్లతో అదే పొడి వేరే కాఫీ అవుతుంది. కొందరికి ఆర్‌ఓ నీళ్ల కాఫీ మరీ తేలికగా, కొద్దిగా పుల్లగా అనిపిస్తుంది. అందుకని కొంచెం బోరు నీళ్లు కలుపుకోమనే సలహా అక్కడక్కడా ఇస్తారు. ఫ్లోరైడు లేని ఊళ్లో అది సరే. మన దగ్గర వద్దు. పొడి అర చెంచా పెంచితే చాలు.

దిగిన డికాక్షన్‌ను పొయ్యి మీద నేరుగా పెట్టి మరిగించకండి, చేదెక్కుతుంది. పాలే బాగా వేడిగా ఉంటే అవసరం రాదు. మిగిలితే వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చ చేసుకోవచ్చు.

మూసుకుపోతే

ఇక్కడ ముందు జబ్బు ఏదో తెలుసుకోవాలి. చిల్లుల దగ్గర గోధుమరంగు, నలుపు కనిపిస్తే అది పొడి, కాఫీ నూనె. తెల్లగా, బూడిదరంగు పొరలా ఉంటే అది నీళ్ల సున్నం. రెంటికీ మందు వేరు.

పొడి, నూనె అయితే వేడినీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో బయటి వైపు నుంచి, అంటే అడుగు నుంచి లోపలికి తోమాలి. లోపలి నుంచి తోమితే పొడిని చిల్లుల్లోకి ఇంకా దట్టించినట్టే.

సున్నం అయితే సోడా ఏమీ చేయదు. పులుపు కావాలి. లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు, లేదా నాలుగు నిమ్మకాయల రసం వేసి, స్టీలు పైగిన్నెనూ బిళ్లనూ అందులో పది నిమిషాలు మరిగించి, అరగంట వదిలేయండి. పొర మెత్తబడి వచ్చేస్తుంది. మొండి పొరకు రెండోసారి చేయాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో నెలకోసారి, ఆర్‌ఓ వాడేవాళ్లు మూడు నెలలకోసారి చేస్తే చాలు. మా ఇంట్లో అటకెక్కించిన ఫిల్టర్లు రెండు ఇలాగే కిందికి దిగాయి. రెండూ ఇప్పుడు బాగానే పనిచేస్తున్నాయి. కొత్తది అనవసరంగా కొన్నామని అప్పుడు తెలిసింది.

పైగిన్నెను గ్యాసు మంట మీద బోర్లించి కాల్చడం పాత చిట్కా. ఇరుక్కున్న పొడి మాడి రాలిపోతుంది, నిజమే. సున్నం మాత్రం కాలదు, ఇంకా గట్టిపడుతుంది. పలచటి స్టీలు అడుగు పదేపదే కాలిస్తే వంకరపోతుంది. కళాయి ఉన్న ఇత్తడిని అసలు కాల్చకూడదు. కళాయి అంటే తగరం, అది 232 డిగ్రీలకే కరిగిపోతుంది, గ్యాసు మంట దానికంటే ఎంతో వేడి. ఇత్తడిని లోపల చింతపండు వేసి గట్టిగా రుద్దడమూ వద్దు. బయట ఎంతైనా తోముకోండి. బాత్రూము కడిగే యాసిడ్ వాడొద్దు, స్టీలుకు గుంటలు పడతాయి. పిన్నీసుతో చిల్లులు పొడిస్తే అవి పెద్దవవుతాయి, తర్వాత కాఫీలో పొడి వస్తుంది.

గుడ్డ, కాగితం

గుడ్డ వడపోత ఇళ్లలో పోయినా పెళ్లిళ్లలో, హోటళ్లలో ఉంది. వందమందికి తీయాలంటే అదే సరైనది. తెల్లటి నూలు గుడ్డ, గంజి పోయేదాకా రెండుసార్లు మరిగించినది వాడాలి. సబ్బు తగలకూడదు, ఆ వాసన కాఫీలోకి వస్తుంది. వాడిన వెంటనే ఉతికి ఎండలో ఆరేయాలి. ముక్కవాసన వస్తే పారేయడమే.

బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు ఇప్పుడు గరాటు లాంటి గాజు సామాను, దానికి కాగితం ఫిల్టర్లు తెస్తున్నారు. ఇది కొత్తేమీ కాదు. జర్మనీలో మెలిటా బెంజ్ అనే గృహిణి 1908లో, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితంతో మొదలుపెట్టిన పద్ధతి. కాగితాల మీద 1, 2, 4 అని అంకెలుంటాయి, గరాటు సైజుకు తగ్గ అంకె చూసి కొనాలి. గోధుమరంగు కాగితానికి కాగితపు రుచి ఎక్కువ, వేడినీళ్లతో ఒకసారి తడిపి ఆ నీళ్లు పారబోసి వాడాలి. తెల్లవాటినీ తడపడం మంచిదే. దీనికి చికోరీ పొడి పనికిరాదు, కాగితం మూసుకుపోతుంది. పొడి మన ఫిల్టర్‌కు చేయించినదాని కంటే కొంచెం ముతకగా ఉండాలి. వచ్చేది పలచటి కాఫీ, పాలు పోస్తే తేలిపోతుంది.

అయినా ఒక్క విషయంలో కాగితం మన ఫిల్టర్ కంటే మెరుగు. కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంది, అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితం దాన్ని దాదాపు మొత్తం పట్టేస్తుంది. లోహపు జల్లెడ అంతగా పట్టలేదు. నీళ్లలో పొడి వేసి మరిగించి తేటనీళ్లు వంచుకునే కాఫీలోనూ, జాలీ ఉన్న గాజు ప్రెస్ కాఫీలోనూ అది ఎక్కువ. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించుకోమన్న మనిషి రోజుకు నాలుగైదు కాఫీలు తాగుతుంటే, ఈ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది. పూర్తిగా మారలేకపోతే కాగితం ఫిల్టర్‌ను గుండ్రంగా కత్తిరించి స్టీలు పైగిన్నె అడుగున వేసి, దాని మీద చికోరీ తక్కువ ఉన్న పొడి వేసుకోవచ్చు. దిగడానికి అరగంట బదులు ముప్పావుగంట పడుతుంది. కాబట్టి నీళ్లు ముందుగానే పోసి, తర్వాత పాలు పొయ్యి మీద పెట్టండి.